రోజూ గంట నడుస్తున్నా పీసీఓఎస్‌లో మార్పు లేదు, ఏ వ్యాయామం చేయాలి?

మీ ప్రశ్నను ముందు కుదించి చెప్తాను, ఇదే బాధ ఉన్న మిగతావారికి కూడా తెలుస్తుంది. మీకు 24 ఏళ్లు, ఉండేది కాజీపేటలో. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 71 కిలోలు. ఏడాది కిందట స్కానింగ్, రక్తపరీక్షలు చేసి పీసీఓఎస్ (నెలసరి తప్పేలా చేసే హార్మోన్ల సమస్య) అన్నారు. ఇన్సులిన్ బాగా పనిచేసేలా చేసే మెట్‌ఫార్మిన్ మాత్ర రాసి, "బరువు తగ్గాలి, వ్యాయామం చేయాలి" అని పంపించారు. ఏ వ్యాయామమో, ఎంతసేపో ఎవరూ చెప్పలేదు. నాలుగు నెలలుగా అమ్మతో కలిసి రోజూ గంట నడుస్తుంటే తగ్గింది కిలోన్నర మాత్రమే. నెలసరి ఇప్పటికీ 50, 60 రోజులకు గాని రావడం లేదు. బరువులెత్తితే గడ్డం మీద వెంట్రుకలు ఇంకా పెరుగుతాయని పిన్ని, పరుగెత్తితే గర్భసంచి జారుతుందని పక్కింటావిడ భయపెడుతున్నారు.

నేను హనుమకొండలో పదహారేళ్లుగా ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే ఆడపిల్లల్లో మీలాంటివారు చాలామంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే: నడక మానకండి, కానీ వేగం పెంచండి. వారంలో మూడు రోజులు కండరాలకు బరువు పని ఇవ్వండి. వరుసగా రెండు రోజులు ఖాళీగా వదలకండి. ఆరు నెలలపాటు కాటా మీది అంకెను కాకుండా నెలసరి తేదీలను, నడుము కొలతను చూసుకోండి. పిన్నిగారి భయానికి, పక్కింటావిడ భయానికి ఆధారం లేదు. ఎందుకో కింద చెప్తాను.

మొదట మీ నడక గురించి. వయోజనులైన పీసీఓఎస్ మహిళలకు 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర శ్రమ చేయమంటున్నాయి. దానికి తోడు, వరుసగా కాకుండా వారంలో రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం ఉండాలి. బరువు కొంత తగ్గాలన్నా, తగ్గింది మళ్లీ పెరగకూడదన్నా మధ్యస్థ శ్రమ కనీసం 250 నిమిషాలు ఉండాలంటున్నాయి. మీరు రోజుకు గంట చొప్పున నడుస్తున్నారు కాబట్టి నిమిషాల లెక్కలో ఎప్పుడో దాటిపోయారు. మరి ఫలితం ఎందుకు లేదు? "అమ్మతో కబుర్లు చెప్పుకుంటూ నడుస్తాను" అని మీరే రాశారు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులని కూడా రాశారు. అంటే మీ కాళ్లు ఆవిడ వేగానికే నడుస్తున్నాయి. అది మనసుకు హాయి, ఆవిడ కీళ్లకు మేలు. మీ గుండెకు, కండరాలకు మాత్రం అది తేలికపాటి పనే.

మధ్యస్థ శ్రమను గుర్తుపట్టడానికి చేతి గడియారాలు అక్కర్లేదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పాట కూడా వచ్చేస్తుంటే అది తేలిక. నాలుగు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తే అది తీవ్రం. మన బతుకమ్మతో పోల్చి చూడండి. తొమ్మిది రోజులూ చప్పట్లు కొడుతూ, వంగుతూ, లేస్తూ గంటల తరబడి తిరుగుతాం, పాట మాత్రం ఆగదు. పాట ఆగడం లేదంటే అది చాలామందికి తేలికపాటి శ్రమే. అదే చోట పిల్లలు కోలాటం జోరందుకున్నప్పుడు పాట తెగిపోతుంది, ఆయాసం మొదలవుతుంది. మీ నడక కోలాటం దాకా రావాలి. అడుగులు లెక్కపెట్టే అలవాటుంటే నిమిషానికి సుమారు 100 అడుగులు మధ్యస్థానికి మొదటి గుర్తు. భద్రకాళి బండ్ మీద అమ్మగారితో ఒక చుట్టు నెమ్మదిగా తిరగండి, తర్వాత ఆవిడను బల్ల మీద కూర్చోబెట్టి మీరు ఒక్కరే 25 నిమిషాలు చేతులు ఊపుతూ వేగంగా నడిచి రండి. గంట అక్కర్లేదు.

ఇక కండరాల సంగతి. మీ సమస్యకు అసలు తాళంచెవి ఇక్కడే ఉంది కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను.

స్కానింగ్‌లో కనిపించేవాటిని అందరూ నీటి బుడగలు అంటారు. నిజానికి అవి సగంలో ఎదుగుదల ఆగిన చిన్న చిన్న అండ కోశాలు. అవి గడ్డలు కావు, వాటిని కరిగించే వ్యాయామమంటూ ఏదీ లేదు. అవి ఎందుకు ఆగిపోయాయన్నది ముఖ్యం. రక్తంలోని చక్కెరను కణాల్లోకి పంపే హార్మోన్ ఇన్సులిన్. పీసీఓఎస్ ఉన్న చాలామందిలో దాని మాటను శరీరం సరిగా వినదు. దాంతో క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయం మీద పనిచేసి పురుష హార్మోన్లను పెంచుతుంది. అదే సమయంలో, ఆ హార్మోన్లను రక్తంలో కట్టిపడేసే ఒక ప్రొటీన్‌ను కాలేయం తక్కువగా తయారుచేసేలా చేస్తుంది. ఫలితంగా అండం పక్వం కావడం ఆగుతుంది, నెలసరి వెనక్కి జరుగుతుంది, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. సన్నగా ఉన్నవారిలో కూడా ఈ ఇన్సులిన్ ఇబ్బంది ఉండవచ్చు.

మనం తిన్న తర్వాత రక్తంలోకి చేరే చక్కెరలో పెద్ద వాటాను దాచుకోవాల్సింది కండరాలే. కండరం గట్టిగా బిగుసుకున్నప్పుడు ఇన్సులిన్ పిలుపు కోసం ఎదురుచూడదు, తానే తలుపు తెరిచి చక్కెరను లోపలికి లాక్కుంటుంది. పని ఆగిన తర్వాత కూడా ఒకటి రెండు రోజులు ఇన్సులిన్ మాట బాగా వింటుంది. వరుసగా రెండు రోజులు ఖాళీ వదలవద్దని అన్నది ఇందుకే. ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు కష్టపడి మిగతా వారమంతా కూర్చుంటే ఈ లాభం దక్కదు.

నా మొదటి సంవత్సరాల్లో నేను కూడా "రోజూ నడవండమ్మా" అని మాత్రమే చెప్పేదాన్ని. నా ఆలోచన మార్చింది పరకాల నుంచి వచ్చిన ఒక దర్జీ ఆవిడ. వయసు 31. రోజుకు పది గంటలు మిషన్ ముందు కూర్చోవడం వల్ల నడుము నొప్పి, దానికోసమే వచ్చింది. పీసీఓఎస్ ఉందని మాటవరసకు చెప్పింది. నడుము కోసం నేను ఆవిడచేత బస్కీలు, పడుకుని నడుము పైకెత్తడం, బరువు పట్టుకుని వంగి లేవడం చేయించాను. ఐదు నెలల తర్వాత నొప్పి తగ్గడం నేను ఊహించినదే. "మేడం, రెండు నెలలకోసారి వచ్చేది ఇప్పుడు 36, 38 రోజులకు వస్తోంది" అని ఆవిడ చెప్పినప్పుడు మాత్రం ఆశ్చర్యపోయాను. బరువు తగ్గింది రెండు కిలోలే. నడుము కొలత రెండున్నర అంగుళాలు తగ్గిందని తన టేపుతో తానే కొలిచి చెప్పింది. ఒక్కరి అనుభవం అందరికీ వర్తించదని నాకు తెలుసు. కానీ ఆ తర్వాత ఇలాంటివి ఇంకా చూశాను, చదివినవి కూడా అటువైపే ఉన్నాయి. బరువు 5 నుంచి 10 శాతం తగ్గితే నెలసరి మెరుగుపడుతుందన్నది నిజమే. అయితే బరువు తగ్గకపోయినా వ్యాయామం వల్ల మేలు జరుగుతుందన్నదీ అంతే నిజం. ఈ రెండో మాట ఎవరూ చెప్పకపోవడం వల్లే ఎంతోమంది అమ్మాయిలు కాటా చూసి ఏడ్చి, మూడో నెలలో మానేస్తున్నారు.

బరువులెత్తితే గడ్డం రాదు. పీసీఓఎస్ ఉన్న మహిళలచేత 16 వారాలపాటు క్రమంగా పెంచుతూ బరువుల వ్యాయామం చేయించి, 2016లో ప్రచురించిన ఒక పరిశీలనలో పురుష హార్మోన్ టెస్టోస్టెరాన్ తగ్గింది, పెరగలేదు. కండరం కొద్దిగా పెరిగింది. మగవాళ్లలా కండలు తిరగడానికి కావలసిన హార్మోన్ మోతాదు పీసీఓఎస్ ఉన్న ఆడవాళ్లలో కూడా ఉండదు. ఇప్పటికే వచ్చిన వెంట్రుకలు మాత్రం వ్యాయామంతో త్వరగా పోవు. వాటికి మందులు వాడినా ఆరు నెలలు పడుతుంది. దాని గురించి చర్మవైద్యులతో మాట్లాడటంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

పరుగు వల్ల గర్భసంచి జారదు. దాన్ని పట్టి ఉంచే బంధకాలు, కటి (పొత్తికడుపు అడుగు) కండరాలు ఉన్నాయి. గర్భసంచి జారడమనేది ఎక్కువగా కాన్పులు, వయసు, ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకం వంటి వాటితో వచ్చేది. ఎగిరినప్పుడు, దగ్గినప్పుడు మూత్రం చుక్కలు పడుతుంటే మాత్రం ముందు కటి కండరాల వ్యాయామం నేర్చుకోవాలి, పరుగు తర్వాత.

ఇప్పుడు ఇంట్లోనే ఏం చేయాలో చెప్తాను. జిమ్‌కు డబ్బు, వీలు, ధైర్యం ఉంటే వెళ్లండి, మంచిదే. మా దగ్గరికి వచ్చేవారిలో సగం మందికి ఆ వీలు లేదు. కుర్చీ, గోడ, మెట్టు, రెండు ఐదు లీటర్ల నీళ్ల డబ్బాలు, ఒక బియ్యం సంచి ఉంటే మూడు నెలలు గడుస్తాయి. సోమ, బుధ, శుక్రవారాలు పెట్టుకోండి. ఐదు నిమిషాలు ఒళ్లు వెచ్చబడేలా కదిలి మొదలుపెట్టండి.

కుర్చీ ముందు నిలబడి, పిరుదులు అంచుకు తాకేదాకా కూర్చుని లేవండి. ఇవి బస్కీలే, కుర్చీ ఉంటే లోతు తప్పదు, భయం ఉండదు. పది చొప్పున మూడు విడతలు. తేలికనిపించిన రోజు నుంచి ఐదు కిలోల బియ్యం సంచిని గుండెలకు హత్తుకుని చేయండి. దండీలు మొదట గోడ మీద, తర్వాత మంచం పట్టె మీద, ఎప్పటికో నేల మీద. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తి మూడు అంకెలు ఆపి దించండి, పన్నెండు చొప్పున. ఒక చేయి కుర్చీ మీద ఆన్చి వంగి, రెండో చేత్తో నీళ్ల డబ్బాను నడుము దాకా లాగండి. వీపు కండరాలను అందరూ మర్చిపోతారు, మీరు మర్చిపోకండి. చివరగా రెండు చేతుల్లో రెండు డబ్బాలు పట్టుకుని నిటారుగా రెండు నిమిషాలు డాబా మీద నడవండి. మా నాయనమ్మ మోట బావి నుంచి బిందెలు మోసుకొచ్చిన పని ఇదే. మొత్తం 35 నిమిషాలకు మించదు.

ఒకే ఒక సూత్రం గట్టిగా పట్టుకోండి. విడత ముగిసేసరికి ఇంకో రెండు మూడు మాత్రమే చేయగలననిపించాలి. ఇంకో పది చేయగలిగితే బరువు చాలడం లేదని అర్థం. చాలామంది ఆడపిల్లలు అరకిలో రంగు డంబెల్‌తో ఏడాదంతా అదే వంద సార్లు ఊపుతారు. దాంతో కండరానికి అందే సందేశం ఏమీ లేదు. ఊపిరి బిగపట్టకండి, లేచేటప్పుడు వదలండి. మొదటి వారం తొడలు పట్టేస్తాయి, రెండు మూడు రోజుల్లో సర్దుకుంటాయి. కీలు దగ్గర పొడిచినట్టు నొప్పి వస్తే మాత్రం ఆపండి.

రెండో నెల నుంచి వారానికి ఒకసారి వేగం కలపండి. ఒక నిమిషం పరుగులాంటి నడక, రెండు నిమిషాలు నెమ్మది, ఇలా ఎనిమిది సార్లు. స్టేడియంలోనో, గుట్ట మెట్ల మీదనో, మీ అపార్ట్‌మెంట్ మెట్ల మీదనో చేయవచ్చు.

యోగా గురించి మీరు అడగలేదు కానీ అందరూ అడుగుతారు. అనంతపురంలోని ఒక రెసిడెన్షియల్ కాలేజీలో పీసీఓఎస్ ఉన్న 15 నుంచి 18 ఏళ్ల అమ్మాయిలు 90 మందిని రెండు జట్లు చేసి, 12 వారాలపాటు ఒక జట్టుచేత యోగా, ఇంకో జట్టుచేత మామూలు వ్యాయామం చేయించారు. యోగా జట్టులో హార్మోన్లు, ఇన్సులిన్, నెలసరి బాగా మెరుగుపడ్డాయి, బరువులో రెండు జట్లకూ పెద్ద తేడా లేకుండానే. ఇష్టమైతే సూర్య నమస్కారాలు చేయండి. మార్గదర్శకాలు కూడా ఏ ఒక్క వ్యాయామాన్నీ మిగతావాటికంటే గొప్పదని చెప్పవు. మీరు ఏడాదిపాటు చేయగలిగేదే మీకు మంచిది. నా అభిప్రాయం మాత్రం, యోగాతోపాటు బరువు పని కూడా ఉండాలి.

మన వాతావరణాన్ని కూడా లెక్కలో పెట్టుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఏడు గంటలకే ఎండ మాడుస్తుంది. బయటి నడక ఐదున్నరకు ముగించలేకపోతే ఆ రెండు నెలలు ఇంట్లోనే మెట్లు, బస్కీలు పెంచండి. చీకట్లో ఒంటరిగా వెళ్లడానికి భయపడేవారికి, వీధి చివర కూర్చునేవారి చూపులకు ఇబ్బంది పడేవారికి కూడా ఇదే చెప్తాను. ఈ ఇబ్బందులు నిజమైనవే, బద్ధకమని ఎవరైనా అంటే నొచ్చుకోకండి.

కూర్చునే పని చేసేవారికి ఒక మాట. కోరుట్ల వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి చదువు తర్వాత మిగిలిన సమయమంతా తల్లితో కలిసి బీడీలు చుట్టేది. వ్యాయామానికి గంట దొరకదంది. ప్రతి కట్టకూ లేచి పది బస్కీలు చేయమన్నాను. రోజుకు ఆరేడు సార్లు అయ్యేవి. అది కూడా వ్యాయామమే, నిశ్చయంగా.

ఇప్పుడు జాగ్రత్తలు, దయచేసి వీటిని దాటవేయకండి.

నెలసరి 90 రోజులు దాటితే వ్యాయామం చేస్తున్నాను కదా అని ఆగకండి, గైనకాలజిస్టును కలవండి. గర్భాశయం లోపలి పొర రాలకుండా మందమవుతూ పోవడం మంచిది కాదు. గొంతు బొంగురుపోవడం, కొద్ది నెలల్లోనే వెంట్రుకలు విపరీతంగా పెరగడం కనిపిస్తే ఇంకా త్వరగా వెళ్లాలి, కారణం వేరే ఉండవచ్చు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలు అయ్యాయో లేదో చూసుకోండి. ఉపవాస రక్తపరీక్ష ఒక్కటే కాకుండా 75 గ్రాముల గ్లూకోజు తాగించి చేసే పరీక్ష గురించి అడగండి, కొందరిలో తేడా అక్కడే బయటపడుతుంది.

హిమోగ్లోబిన్ చూపించుకోండి. తెలంగాణలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. మెట్లెక్కితే ఆయాసపడే అమ్మాయిని బద్ధకస్తురాలని తిట్టి, ఆరు నెలల తర్వాత హిమోగ్లోబిన్ 7 అని తెలుసుకున్న ఇళ్లను చూశాను. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గవచ్చు, అదీ అడగండి. మాత్రను అన్నం తర్వాతే వేసుకుంటే కడుపు తిప్పడం తగ్గుతుంది.

మితిమీరడం కూడా హానే. యూనివర్సిటీ హాస్టల్ అమ్మాయి ఒకరు ఉదయం, సాయంత్రం కలిపి రెండు గంటలు పరుగెత్తి, రోజుకు ఒకే పూట తినేది. తొమ్మిది కిలోలు తగ్గింది, ఉన్న నెలసరి కాస్తా పూర్తిగా ఆగిపోయింది. తిండి చాలనప్పుడు మెదడే అండాశయాలకు పని ఆపమని చెప్తుంది. ఆ అమ్మాయికి నేను ఇచ్చిన మొదటి వ్యాయామం పప్పు, గుడ్డు, పెరుగుతో మూడు పూటలా తినడం. పరుగును సగానికి తగ్గించాం. మళ్లీ నెలసరి రావడానికి ఐదు నెలలు పట్టింది.

పెళ్లయినవారు ఇంకొకటి గమనించాలి. అండం విడుదల మళ్లీ మొదలవడం నెలసరి కంటే ముందే జరుగుతుంది. నెలసరి ఆలస్యం అలవాటే కదా అనుకుని, గర్భం వచ్చిన సంగతి మూడో నెలకు గాని తెలియనివారు నాకు తెలుసు. పీసీఓఎస్ అంటే పిల్లలు పుట్టరని కాదు. గర్భం వద్దనుకునేవారు జాగ్రత్తలు మానకూడదు, కావాలనుకునేవారు వాడుతున్న మందుల గురించి డాక్టరును ముందే అడగాలి.

ఎన్నాళ్లు ఆగాలన్నది మీ తర్వాతి ప్రశ్న. అండం పక్వమయ్యే చివరి దశకే సుమారు మూడు నెలలు పడుతుంది. ఈ రోజు మొదలుపెట్టిన పని మూడు నెలల తర్వాతి నెలసరిలో కనబడాలి. అందుకే నేను ఆరు నెలలకు ముందు ఎవరి ఫలితమూ తేల్చను. ఒక పాత క్యాలెండర్ తీసుకుని నెలసరి తేదీలు రాయండి. నెలకోసారి దర్జీ టేపుతో నడుము కొలవండి. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల లోపు ఉంటే మేలు, అంటే సుమారు 31 అంగుళాలన్నర. ఎన్ని కిలోలతో ఎన్ని బస్కీలు చేశారో కూడా పక్కనే రాయండి. 60 రోజులు 48 అయినా, 48 రోజులు 40 అయినా అది పెద్ద మార్పే.

నెలసరి వచ్చిన రోజుల్లో వ్యాయామం చేయవచ్చా అని కూడా అడిగారు. చేయవచ్చు. కడుపునొప్పికి కదలిక మేలే చేస్తుంది. మొదటి రెండు రోజులు రక్తస్రావం, నొప్పి ఎక్కువగా ఉంటే నెమ్మది నడక చాలు. ఆ రోజుల్లో అమ్మగారి వేగానికే, కబుర్లు చెప్పుకుంటూ నడవండి. మూడో రోజు నుంచి మళ్లీ కుర్చీ, బియ్యం సంచి.